సంగీత్‌కి డీజేని పెట్టుకున్నాం: అరిగిన పాటలకీ ఒక టైముంటుంది

ముందు రేటు చెప్పేస్తా, చాలామంది దానికోసమే చదువుతారు. సౌండు, లైట్లు, డీజే, మైకు పట్టుకునే ఒక కుర్రాడు, అన్నీ కలిపి 55,000 రూపాయలు. గట్టిగా బేరమాడితే ఇంకో రెండు మూడు వేలు తగ్గేదేమో, నేను ఆడలేదు. డబ్బు దండగ కాలేదు. టీమ్ పేరు మాత్రం ఇక్కడ రాయడం లేదు. ఆ డీజే కుర్రాడు పగలు ఏదో ఆఫీసులో ఉద్యోగం చేస్తాడు, రాత్రిళ్ళు ఈ పని చేస్తున్నట్టు అక్కడ తెలియదట. "పేరు రాయకండి అంకుల్, మిగతాది మీ ఇష్టం" అన్నాడు. మిగతాది చాలా ఉంది.

ఫంక్షన్ మా పెద్దమ్మాయి సంగీత్. మా ఇళ్ళల్లో మొన్నమొన్నటిదాకా ఈ సంగీత్ అనేది లేదు. పెళ్ళికి సన్నాయి, ఊరేగింపుకి బ్యాండు, అంతే. ఇప్పుడు లేకపోతే పెళ్ళి సగం జరిగినట్టు చూస్తున్నారు, సరే. పెళ్ళికొడుకు వాళ్ళది గుంటూరు, లక్ష్మీపురం. అటు నుంచి వచ్చేవాళ్ళకీ, బెజవాడ నుంచి వెళ్ళే మాకూ దగ్గరగా ఉంటుందని తాడేపల్లి వైపు ఒక తోట తీసుకున్నాం. మూడొందల మంది అతిథులు, పైన కప్పు లేదు, చుట్టూ ఇళ్ళున్నాయి.

ఈ రివ్యూ రాస్తున్న చెవి ఎక్కడిదో కూడా చెప్పాలి. గాంధీనగర్‌లో, సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల మధ్య, నాకో రికార్డింగ్ సెంటర్ ఉండేది. జనం పాటల జాబితా రాసిచ్చేవాళ్ళు, ఖాళీ క్యాసెట్టులో నింపి ఇచ్చేవాణ్ణి. (అది చట్టప్రకారం ఏమిటని అడక్కండి, ఊరంతా అదే చేసేది.) 60 నిమిషాల క్యాసెట్టయితే ఒక్కో వైపు 30, 90 అయితే 45. జాబితాలో ఉన్న వరసలోనే నింపితే క్యాసెట్టు చచ్చినట్టుండేది. అందుకని వరస నేనే మార్చేవాణ్ణి. ఎంత గొప్ప అభిరుచి ఉన్న కస్టమరైనా సరే, మూడో పాటగా ఊళ్ళో టీకొట్లన్నిట్లో మోగుతున్న పాట ఒకటి పడాల్సిందే. మొదటి వైపు చివర ఇంకోటి. అది వినబడితేనే మనిషి లేచి క్యాసెట్టు తిరగేస్తాడు. తిరగేసి మళ్ళీ వచ్చి, "ఆ కొత్త పాట భలే ఉందండీ, ఎవరిది?" అనేవాడు. కొత్త పాట అతని చెవిలో పడింది ఆ పాత పాట పుణ్యాన అని అతనికి తెలియదు.

1999, 2000 నాటికి కాలేజీ కుర్రాళ్ళు యూరప్ డ్యాన్స్ పాటలు కావాలని, వెంగాబాయ్స్, ఐఫిల్ 65, డాక్టర్ ఆల్బన్ అంటూ వచ్చేవాళ్ళు. ఇంగ్లీషు మాటలు సగం తప్పు రాసేవాళ్ళు గానీ ట్యూను మాత్రం తప్పు లేకుండా పాడి వినిపించేవాళ్ళు. ఎలక్ట్రానిక్ సంగీతం నాకు అలా అంటుకుంది. షాపు పోయింది, ఇప్పుడు అక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. పిచ్చి పోలేదు.

డీజే కోసం వెతకడం మొదలుపెడితే ముందు రెండు రకాలవాళ్ళు తగిలారు. ఒకాయన గురునానక్ కాలనీలో కాఫీ షాపులో కలిశాడు. "మేం కమర్షియల్ ప్లే చెయ్యం సార్. రిక్వెస్టులు తీసుకోం. ఓన్లీ మెలోడిక్ టెక్నో" అన్నాడు. టెక్నో అంటే మాటలు పెద్దగా లేకుండా యంత్రాల మీద కట్టే డ్యాన్స్ సంగీతం. మా అత్తయ్యగారికి ఎనభై దాటాయి, ఆవిడ కూడా ముందు వరసలో కూర్చుంటుంది, ఆవిడకేం పెడతావయ్యా అంటే జాలిగా నవ్వాడు. ఆ జాలి ఆవిడ మీదో నా మీదో తెలియలేదు. ఇంకో రకం వాళ్ళు, "మీరేది చెప్తే అది సార్, పెన్‌డ్రైవ్ ఇచ్చెయ్యండి చాలు" అనేవాళ్ళు. పాటలు నేనే ఏరి, నేనే వరస పెట్టి ఇస్తే ఇంక నీకు డబ్బులు దేనికి బాబూ?

మేం పెట్టుకున్న కుర్రాడు పటమట నుంచి ఇంటికే వచ్చాడు. పాటల సంగతి ఎత్తలేదు. మగపెళ్ళివాళ్ళది ఏ ఊరు, నలభై దాటినవాళ్ళు ఎంతమంది ఉంటారు, భోజనాలు ఎన్నింటికి మొదలవుతాయి, బఫే ఫ్లోరుకి ఏ పక్కన ఉంటుంది అని అడిగాడు. తర్వాత, "అంకుల్, మీ వాళ్ళలో అందరికంటే ముందు లేచి డ్యాన్స్ చేసేది ఎవరు?" అన్నాడు. మా బావమరిది భార్య అని చెప్పా. ఆవిడ వయసెంత, ఎక్కడ చదువుకుంది, ఏ హీరో అభిమాని అని ఫోన్‌లో రాసుకున్నాడు. అప్పుడే మా ఆవిడ లోపలి నుంచి, "ఏవండీ, ఈ అబ్బాయికి ఖాయం చేసెయ్యండి" అంది.

ఇంకో విషయం కూడా అతనే ఎత్తాడు. ఆరుబయట పది గంటల తర్వాత సౌండు ఉండకూడదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట మైకులు పెట్టకూడదు. ఇళ్ళున్న చోట రాత్రి పూట పరిమితి 45 డెసిబెల్స్, అంటే మనుషులు మామూలుగా మాట్లాడుకున్నా దాటిపోతుంది. "పోలీసులు వచ్చాక ఆపడం కాదంకుల్, 9:55కి చివరి పాట అయిపోవాలి. నేను పది నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తా" అన్నాడు. పిల్లల స్టేజీ డ్యాన్సులు ఎనిమిదికి అయిపోతే, ఫ్లోరు మీద అందరూ ఆడటానికి మిగిలేది రెండు గంటలు. అందులోనే భోజనాలు కూడా.

ఈ రెండు గంటల్లో ఏం పెట్టాలన్న దాని మీద మా ఇంట్లో యుద్ధం జరిగింది. మా అక్క కొడుకు బెంగళూరులో ఉంటాడు. సన్‌బర్న్ అనే ఎలక్ట్రానిక్ సంగీత ఉత్సవానికి ఏటా వెళ్ళే బాపతు. "మామయ్యా, ప్లీజ్, చీజీ స్టఫ్ వద్దని చెప్పు. ఆ అరిగిపోయిన కమర్షియల్ పాటల వల్లే ఎలక్ట్రానిక్ మ్యూజిక్ అంటే జనానికి చులకన" అన్నాడు. డీజేతో ఫోన్‌లో కూడా ఇదే చెప్పాడు. అవతలివాడు వాదించలేదు. "బ్రో, నీకోసం ఎనిమిది నిమిషాలు పక్కన పెట్టా, అందులో నువ్వు చెప్పిన టెక్నో ట్రాకే పెడతా. కానీ ఆ ఎనిమిది నిమిషాలు ఎప్పుడొస్తాయో నేను చెప్తా" అన్నాడు. నేను మాత్రం మావాణ్ణి అంత తేలిగ్గా వదల్లేదు.

చులకన ఇవాళ పుట్టింది కాదు. 1979 జూలై 12న షికాగోలో బేస్‌బాల్ మైదానం మధ్యలో డిస్కో రికార్డులు పోగేసి పేల్చేశారు. రేడియోలో డిస్కో అరిగి అరిగి జనానికి మొహం మొత్తింది నిజమే. ఆ కోపం వెనక అది నల్లవాళ్ళదీ, గే క్లబ్బులదీ అన్న చిన్నచూపూ ఉంది. అదే ఊళ్ళో, వేర్‌హౌస్ అనే క్లబ్బులో, ఫ్రాంకీ నకల్స్ ఆ డిస్కో రికార్డుల్నే పట్టుకుని, టేపు మీద ముక్కలు కోసి, సాగదీసి వాయించాడు. తర్వాతి ఏళ్ళలో దానికి డ్రమ్ మెషిన్ తోడయింది. మావాడు కళ్ళు మూసుకుని వినే హౌస్ అనే డ్యాన్స్ సంగీతమంతా అక్కడి నుంచి వచ్చిందే. అంటే ఊరంతా చవకబారు అని తగలబెట్టిన సరుకులోంచి.

రెండోది మన చరణ్‌జీత్ సింగ్ కథ. బొంబాయిలో సినిమా పాటలకి వాయించే మనిషి. 1982లో రోలాండ్ కంపెనీ 303 (బేస్ సింథసైజరు), 808 (డ్రమ్ మెషిన్) యంత్రాల మీద పది రాగాల్ని డిస్కో బీటుకి వాయించి రికార్డు తెచ్చాడు. షికాగో కుర్రాళ్ళు అదే 303ని మెలితిప్పి యాసిడ్ హౌస్ అనే కొత్త రకం చేయడానికి అయిదేళ్ళ ముందు మాట ఇది. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలయ్యాక బయటి దేశాలవాళ్ళు నోరెళ్ళబెట్టారు. మావాడికి ఆ రికార్డంటే ప్రాణం. "చూశావా మామయ్యా, నిజమైన కళ ఎప్పటికైనా నిలుస్తుంది" అంటాడు. దాదాపు ముప్ఫై ఏళ్ళ దాకా దాన్ని విన్నవాళ్ళు ఎంతమంది, నువ్వు చెప్పు అంటాను నేను. ఆ రికార్డులోని భైరవిని తీసుకెళ్ళి, ముందొక తెలిసిన పాట, వెనకొక తెలిసిన పాట పెట్టి బొంబాయి పెళ్ళిలో వాయించే డీజే ఒకడుండి ఉంటే? తెలియని పాట బతకాలంటే పక్కన తెలిసిన పాట ఉండాలి. క్యాసెట్టులోనైనా, ఫ్లోరు మీదైనా.

పైగా కమర్షియల్ అంటే చిటికెలో చేసేస్తారని మావాడి నమ్మకం. స్వీడన్ డీజే అవీచీ పాట 'లెవెల్స్' 2011లో వచ్చింది. అందులో వచ్చే ఆడగొంతు అమెరికన్ గాయని ఎటా జేమ్స్ 1962లో పాడిన పాటలోని ముక్క. దాని మీద ఆ సింథ్ వరస. ఒక్కసారి వింటే చాలు, స్నానం చేస్తూ పాడుకుంటాం. ఒక్కసారికే నోటికొచ్చే వరస కట్టడం ఎంత కష్టమో మన సినిమా సంగీత దర్శకుల్ని అడగండి, రాత్రుళ్ళు రాత్రుళ్ళు కూర్చుంటారు. ఇక ఈ పాటల లోపలి కట్టుబడి చూడండి. నాలుగు దెబ్బల మీదా కిక్కు, అంటే పెద్ద డ్రమ్ము మోత. ఎనిమిదేసి బార్ల ముక్కలు, బారంటే నాలుగు దెబ్బలు. స్నేరు (గరగరలాడే చిన్న డ్రమ్ము) దెబ్బ నెమ్మదిగా మొదలై, రెట్టింపై, మళ్ళీ రెట్టింపై, చివర్లో అంతా ఒక్క క్షణం ఆగి, ధన్‌మని పడుతుంది. 128 బీపీఎంలో, అంటే నిమిషానికి 128 దెబ్బల వేగంలో, పదహారు బార్లంటే సరిగ్గా ముప్ఫై సెకన్లు. ఆ ముప్ఫై సెకన్లలో, జన్మలో క్లబ్బు మొహం చూడని మనిషికి కూడా ఎప్పుడు చెయ్యెత్తాలో తెలిసిపోతుంది. ఎవరూ నేర్పక్కర్లేదు. మావాడికి అందులో ఎగతాళి చేయాల్సింది కనబడింది. నాకు మర్యాద కనబడింది, కొత్తవాణ్ణి గుమ్మం దగ్గర నిలబెట్టని మర్యాద.

ఇక ఫంక్షన్ రోజు. సామాను నాలుగింటికే వచ్చింది. పద్దెనిమిది అంగుళాల బేస్ బాక్సులు నాలుగు, పైన టాప్స్, పాటలు కలపడానికి పయొనీర్ కంట్రోలరు, ఒక ల్యాప్‌టాపు, అది ఆగిపోతే ఉంటుందని ఇంకొకటి. యూపీఎస్ ఒకటి విడిగా తెచ్చుకున్నాడు. అది ఎందుకో ఏడున్నరకి తెలిసింది. కరెంటు పోయి జనరేటరు అందుకునే లోపు లైట్లూ బాక్సులూ ఆగాయి గానీ ల్యాప్‌టాపు, కంట్రోలరు ఆగలేదు. కరెంటు రాగానే పాట ఎక్కడుండాలో అక్కడి నుంచే వినిపించింది. స్టేజీ మీద డ్యాన్స్ చేస్తున్న పిల్లలు ఆ కాసేపు చప్పట్లతో నడిపించి మళ్ళీ పాటలో కలిశారు. ఇలాంటివి కొటేషన్‌లో కనబడవు.

బాక్సులు పెట్టిన తీరు నచ్చింది. బేస్ అంతా ఫ్లోరు మీదకి తిప్పి, ముసలివాళ్ళ కుర్చీలు వెనక పక్కకి జరిపించాడు. మా అత్తయ్యగారికి రెండు గంటలూ గుండె దడ రాలేదు. ఇది నిజంగా పెద్ద విషయం. పోయినేడాది ఒక పెళ్ళికి వెళితే బేస్‌కి నా ప్లేట్లో గులాబ్ జామూన్ కదిలింది.

ఎనిమిదికి ఫ్లోరు తెరిచాడు. భోజనాల టైము కదా, నూట ఇరవై బీపీఎం లోపల మెత్తటి హౌస్, గొంతు పెద్దగా లేనివి. మాటలు వినబడేంత సౌండు. ఎనిమిదిన్నరకి మావాడూ, వాడి బెంగళూరు స్నేహితులూ ఫ్లోరెక్కారు. డీజే వాళ్ళకి నచ్చేవే నాలుగైదు పెట్టాడు. మంచి ట్రాకులు, నాకూ నచ్చాయి. కానీ ఫ్లోరు మీద ఆ పది మందే. మిగతా రెండొందల తొంభై మంది పెరుగు వడలు తింటూ వాళ్ళని ప్రదర్శన చూసినట్టు చూస్తున్నారు. మావాడు నా వైపు చూసి బొటనవేలు ఎత్తాడు. నాకు కంగారు మొదలైంది. డీజేకి లేదు. అతను బఫే లైను చూస్తున్నాడు. లైను సగమయ్యేదాకా ఆగాడు.

దాదాపు తొమ్మిదికి పది నిమిషాలుందనగా, ఫ్రెంచి డీజే డేవిడ్ గెట్టా, గాయని బీబీ రెక్సా 2022లో చేసిన 'ఐయామ్ గుడ్' మొదలుపెట్టాడు. ఇరవైల్లో ఉన్న ఆడపిల్లలంతా ఒక్క అరుపు అరిచి వచ్చి పడ్డారు. మావాడి మొహం మాడింది. అసలు పని తర్వాత చేశాడు. పాట మధ్యలో డ్రమ్స్ ఆగి గొంతు ఒక్కటే మిగిలే చోట బేస్ తీసేసి, దాని కింద నుంచి ఐఫిల్ 65 వాళ్ళ 'బ్లూ' లోని పియానో వరస పైకి తెచ్చాడు. ఆ కొత్త పాట కట్టింది ఈ పాత పాట ట్యూను మీదే. రెండూ ఇంచుమించు 128లోనే నడుస్తాయి కాబట్టి అతుకు తెలియలేదు. 1999లో ఊపేసిన పాట అది. నలభైల్లో ఉన్నవాళ్ళకి ముందు ఏదో తెలిసినట్టు అనిపించింది, తర్వాత తెలిసింది. మా బావమరిది ప్లేటు పక్కవాడి చేతిలో పెట్టి, "బావా! ఇది నీ షాపులో రికార్డు చేయించుకున్న పాట కదూ!" అని నా చెవిలో అరిచి పరిగెత్తాడు. వాడి వెనకే భార్య. డీజే ఫోన్‌లో రాసుకున్న మనిషి ఆవిడే కదా, ఆవిడ లేస్తే ఇంకో పదిమంది లేచారు. వాళ్ళమ్మాయి, పంతొమ్మిదేళ్ళది, తండ్రికి ఈ పాట మాటలు ఎలా తెలుసా అని నోరు తెరుచుకుని చూస్తోంది. మాటలంటే పెద్ద మాటలేం కావనుకోండి, డబడీ డబడై.

ఆ తర్వాతే మావాడి టెక్నో పెట్టాడు. అదే టెక్నో, మాట ఒక్కటి లేనిది, ఎనిమిది నిమిషాలు. ఫ్లోరు మీద ఎనభై మంది ఉండిపోయారు. ఆడటానికి వచ్చేశారు, ఒంట్లో ఊపు ఎక్కింది, బీటు ఆగలేదు, ఇక పాట ఏదైతేనేం. మా బావమరిది మాటలు లేని టెక్నోకి చేతులూపుతూ కనబడ్డాడు. ఇది గంట ముందు పెట్టుంటే మంచినీళ్ళ కోసం లేచి వెళ్ళేవాడు. మావాడు ఈ సంగతి ఒప్పుకున్నాడా అంటే, ఒప్పుకోలేదు. "ట్రాక్ మంచిది మామయ్యా, అందుకే ఉన్నారు" అన్నాడు. పోనీలే.

అక్కడి నుంచి మన డప్పు పాటల్లోకి దిగిన తీరు నాకు అన్నిటికంటే నచ్చింది, ఇది కాస్త వివరంగా చెప్పాలి. హౌస్ బీటు తకధిమి తకధిమి అని నాలుగు నాలుగుగా నడుస్తుంది. మన జానపదం డప్పు తకిట తకిట అని మూడు మూడుగా. పెద్ద దెబ్బలు రెంటికీ కలిపెయ్యొచ్చు గానీ మధ్యలో పడే చిన్న దెబ్బలు కలవవు, రెండూ ఒకేసారి పెడితే గులకరాళ్ళ డబ్బా కదిపినట్టు ఉంటుంది. చాలామంది డీజేలు ఇక్కడ సైరన్ మోగించి, పాట ఆపేసి, "ఇప్పుడు మాస్!" అని అరిచి గండం గట్టెక్కుతారు. ఇతను టెక్నోలో ముందు పైన వినబడే హై-హ్యాట్ మొత్తం తీసేశాడు. తర్వాత మధ్య శబ్దాలు తీసేశాడు. చివరికి ఉత్త కిక్కు మిగిలింది, ధన్ ధన్ ధన్ ధన్. కిక్కు ఒక్కటే ఉంటే అది నాలుగుదో మూడుదో చెవికి తెలియదు. దాని మీదకి డప్పు వదిలాడు. జనానికి ఎప్పుడు మారిందో తెలియకుండా కాళ్ళు మారాయి. మా పిన్నిగారు కొంగు బిగించింది అక్కడే.

సినిమా పాటలతో ఇంకో చిక్కుంది. క్లబ్బు ట్రాకులకి కలుపుకోవడానికి వీలుగా ముందూ వెనకా ఉత్త బీటుతో అర నిమిషం, నిమిషం వదులుతారు. మన పాటలు ఫ్లూటుతోనో హమ్మింగుతోనో మొదలై సరాసరి పల్లవిలోకి పోతాయి. ఎనభైల నాటివైతే మనుషులంతా కలిసి కూర్చుని వాయించినవి, హుషారొచ్చిన కొద్దీ వేగం ఒక చుక్క పెరుగుతుంది, సాఫ్ట్‌వేర్ గీసిన గళ్ళలో ఇమడవు. ఇతను తరచూ అడిగే పాటలన్నిటికీ ముందు పదహారు బార్ల కిక్కు తనే అతికించి, వేగం చేత్తో సరిచేసి పెట్టుకున్నాడు. వారాల పని అది. నేను ల్యాప్‌టాపులో తొంగి చూశా కాబట్టి తెలిసింది, లేకపోతే ఎవరికీ తెలియదు.

తొమ్మిదిన్నర దాటాక గుంటూరు పక్షం వాళ్ళు స్టేజీ కిందకి చేరారు. వాళ్ళకి కావాల్సింది ఒక్కటే, 2024 సంక్రాంతికి వచ్చిన 'గుంటూరు కారం' సినిమాలో కుర్చీ పాట. గుంటూరు వాళ్ళకి అది పాట కాదు, ఊరి హక్కు. ఎనిమిదింటి నుంచీ అడుగుతున్నారు. ప్రతిసారీ డీజే నవ్వి, "వస్తుందండీ" అన్నాడే తప్ప పెట్టలేదు. 9:35కి పెట్టాడు. మా వియ్యంకుడు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం, మనిషి ఎప్పుడూ గంభీరంగా ఉంటాడు. "బావగారూ, రండి" అని నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు. ఒక ప్లాస్టిక్ కుర్చీ విరిగింది. కుర్చీ ఖరీదు తోటవాళ్ళు 600 వేశారు, అది గుంటూరు వాళ్ళే ఇచ్చారు, సంతోషంగా. ఇదే పాట ఎనిమిదింబావుకి పెట్టుంటే పావుగంట గోల, తర్వాత మిగతా రాత్రంతా చప్ప.

ఇప్పుడు బాగోలేనివి.

మైకు పట్టుకున్న కుర్రాడు. నోరు మూతపడదు. పాట మంచి పట్టులోకి వచ్చే ముందు, స్నేరు రెట్టింపయ్యే ఆ అర నిమిషంలో, "విజయవాడా, మేక్ సమ్ నాయిస్!" అంటాడు. జనంలో సగం గుంటూరు అని ఎవరో చెప్పాక "గుంటూరూ!" అని కూడా మొదలుపెట్టాడు. ఆ ముప్ఫై సెకన్లు పాట తన పని తను చేసుకుంటుంది, నువ్వు అరవక్కర్లేదు నాయనా. మీరు పెట్టుకుంటే మైకు కుర్రాడు వద్దని ముందే చెప్పండి, 4,000 తగ్గిస్తారట. ఆ సంగతి నాకు తర్వాత చెప్పారు.

ఎయిర్ హార్న్. పెఁ పెఁ పెఁ అంటూ వచ్చే ఆ బూర శబ్దం. డీజే ఎంత పనిమంతుడైనా ఆ మీట మీద వేలు ఆగదు. లారీల ఊళ్ళో పుట్టాం, ఆటోనగర్ పక్కన పెరిగాం, మాకు హారన్ కొత్తా?

అన్నిటికంటే ఘోరం ఒక రీమిక్స్. ఎనభైల్లో వచ్చిన ఒక మెలోడీ, పేరు చెప్పను, మీ అందరికీ ఇష్టమైనదే. దాని గొంతుని పిల్లికూతలా సన్నబరచి, పల్లవి చివర ఒక పెద్ద డ్రాప్ (అంతా ఆగి ధన్‌మని పడే ఆ చోటు) తగిలించిన సరుకు. పాటకీ ఆ డ్రాప్‌కీ శ్రుతి కూడా కలవలేదు. నేను ఇందాకటి నుంచీ చవక పాటల్ని వెనకేసుకొస్తున్నాను కాబట్టి ఇది కూడా సరేనంటానేమో అనుకోకండి. 'బ్లూ' ట్యూను చవకదే కావచ్చు, కానీ దాని ట్యూను దానిదే, ఎంతుందో అంతా మన చేతిలో పెట్టేస్తుంది. గెట్టా కూడా ఆ ట్యూను తీసుకుని దాంతోనే పాట కట్టాడు. ఈ రీమిక్స్ చేసినవాడు పాత పాట మీద మనకున్న ప్రేమ వాడుకుని, తను ఏమీ కట్టకుండా శబ్దం జోడించి వదిలాడు. ఫ్లోరు కూడా చెప్పింది, ఆ మూడు నిమిషాల్లోనే ఐస్‌క్రీమ్ కౌంటరు దగ్గర లైను పెరిగింది. తర్వాత డీజేని అడిగితే, "రీల్స్‌లో బాగా వెళ్తోందంకుల్" అన్నాడు. ఫోన్‌లో పదిహేను సెకన్లు బాగుంటుందేమో.

రిక్వెస్టుల విషయంలో మాత్రం ఫుల్ మార్కులు. మా తోడల్లుడు వాట్సాప్‌లో వచ్చిన పాట ఒకటి తీసుకెళ్ళి పెట్టమన్నాడు. డీజే హెడ్‌ఫోన్‌లో విని, "ఇది బాగా కుదించేసిన ఫైలండీ, ఫోన్‌లో తెలియదు గానీ ఇంత పెద్ద బాక్సుల్లో పైనంతా గరగరలాడుతుంది" అని తన దగ్గరున్న మంచి ఫైలు వెతికి అదే పాట పెట్టాడు. పాట చవకదని ఫైలు కూడా చవకగా ఉండాలని లేదుగా. ఆ సినిమా పాట నాకు బొత్తిగా నచ్చదు, అయినా శుభ్రంగా వినబడింది.

మా అమ్మాయి అడిగిన పాట చివర్లో పెట్టాడు, నెమ్మదైనది. 9:54కి సౌండు ఆపేశాడు. ఇంకో పాట, ఇంకో పాట అని కుర్రాళ్ళు గోల చేశారు, ఆరుబయట కాకుండా మూసిన హాలైతే వేరే మాట అని చెప్పి వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు.

పెట్టుకోవాలనుకునేవాళ్ళకి కొన్ని సంగతులు. అడ్వాన్సు 10,000, మిగతాది ఫంక్షన్ అయ్యాక, ఫోన్‌పే తీసుకుంటాడు. జనరేటరు డీజిలు మనదే, తోటవాళ్ళతో ముందే మాట్లాడుకోండి. కోల్డ్ పైరోలు (స్టేజీ దగ్గర పెట్టే చల్లటి చిచ్చుబుడ్లు) విడిగా బిల్లు వేస్తారు, మేం నాలుగు చెప్పాం, రెండు పేలలేదు, ఆ డబ్బు అడక్కుండానే తగ్గించాడు. పొగ మిషన్ బఫేకి దూరంగా పెట్టించుకోండి, మా వైపు గాలి తిరిగి పులిహోరంతా పొగ వాసన కొట్టింది. ముహూర్తాలు ఎక్కువున్న నెలల్లో కనీసం రెండు నెలల ముందు మాట్లాడుకోవాలి. గుంటూరు, తెనాలి, మంగళగిరి దాకా రవాణా అదే రేటులో, అంతకంటే దూరమైతే వ్యాను బాడుగ అదనం. పాటల జాబితా ఇవ్వకండి. మీ వాళ్ళలో ముందు లేచేది ఎవరో చెప్పండి.